రఫీ ప్యానెల్ మీద టీ

నిన్న పొద్దున దుకాణం షట్టర్ ఎత్తుతుంటే ఫోన్.
"రఫీ పోయినాడంట."
ఏ రఫీ అని అడిగాను.

మన రఫీయే. హార్ట్ ఎటాక్. సెలవు మీద మార్కాపురం వచ్చి, మొన్న సాయంత్రం నా దగ్గరే కూర్చుని కబుర్లు చెప్పి వెళ్ళిన మనిషి.

ఏడుపు కంటే ముందు కోపం వస్తోంది.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా. రఫీ హైదరాబాద్‌లో విమానం పార్ట్స్ చేసే కంపెనీలో ఇంజనీర్. అక్కడ కత్తిరించి పారేసే కార్బన్ ఫైబర్‌ని శుభ్రం చేసి, వేడికి కరిగే ప్లాస్టిక్‌తో కలిపి, ప్రెస్‌లో పెట్టి, మళ్ళీ విమానానికే ప్యానెల్ చేయాలని వాడి పట్టుదల.

రెక్కలు అడగలేదు వాడు. సీటు వెనక ప్యానెల్ చాలన్నాడు.

వాళ్ళ నాయనది పలకల ఫ్యాక్టరీ. పలకని వేలితో కొట్టి వినడం మా ఊళ్ళో అందరికీ అలవాటే. టంగుమంటే మంచి పలక. మోత బొంగురుగా వస్తే లోపల పగులు.

రఫీకి ఆ జబ్బు పోలేదు. ఒకసారి ఇద్దరం ఫ్లైట్ ఎక్కితే, టేకాఫ్ నుంచి పక్కనున్న గోడని వేలితో కొడుతూనే ఉన్నాడు. ఎయిర్ హోస్టెస్ వచ్చి ఏమైంది సర్ అంది. ముందు సీటు పెద్దాయన దేవుడికి దండాలు మొదలెట్టాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.
వీడేమో, "మామా, మా ప్యానెల్ గూడా ఇట్లనే మోగుతాది. కొత్త ఫైబరే కావాలని ఏంది మా కంపెనీవాళ్ళకి?" అన్నాడు.

ప్యానెల్ అన్ని టెస్టులూ పాసైంది. అయినా ప్రతిసారీ ఏదో ఒక కొర్రీ. ఏ స్క్రాప్ ఏ బ్యాచ్‌దో కాగితాలు తెమ్మన్నారు. తెచ్చాడు. పైన మేనేజర్ మారాడు, కథ మళ్ళీ మొదటికొచ్చింది. చివరికి, పాత సరుకంటే కస్టమర్ ఒప్పుకోడని ఫైల్ మూసేశారు.
పాసైన పిల్లాణ్ణి పేరు నచ్చక ఫెయిల్ చేసినట్టు. తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది.

ఆ శాంపిల్ ప్యానెల్‌ని రఫీ ఇంటికి తెచ్చుకున్నాడు. అంచులు వేడిచేసి పైకి వంచి, వాళ్ళ అక్కకి టీ ట్రే చేసిచ్చాడు.

నిన్న సాయంత్రం మట్టి ఇచ్చి వచ్చాక పక్కింటివాళ్ళు టీ కాచి పంపితే, అక్క ఆ ట్రేలోనే అందరికీ తెచ్చింది. కంపెనీ నుంచి, ఫైల్ మూసేసిన ఆ మేనేజర్ కూడా వచ్చాడు. చివరి కప్పు తీసుకుంటూ ట్రేని పట్టి చూసి, ఇంత తేలిగ్గా ఉందే, దేంతో చేశారమ్మా అని అడిగాడు.

"మీరు వద్దన్నదే సార్," అనింది అక్క.

ఆయన కప్పు మళ్ళీ ట్రేలో పెట్టేశాడు.

ఆ ప్రశ్నేదో వాడు బతికుండగా అడిగితే ఏం పోయేది సార్?

అందరూ వెళ్ళాక ఆ ట్రేని వేలితో కొట్టి చూశాను. టంగుమంది. ఎక్కడా పగులు లేదు.

పోయిరా మామా. ఇంక ఎవరి సంతకం కోసమూ కాచుకోవద్దు. అల్లా నీకు చల్లటి నిద్ర ఇవ్వాలి.