కింది వీధికి పోయే నీళ్ళు

నా చిన్నప్పుడు మా వీధి వాన కాలువకు రోజుకో రంగు ఉండేది. నగరికి దగ్గర్లో, నేతగాళ్ళు ఎక్కువగా ఉండే చిన్న ఊరు మాది. మా నాయన నూలుకు రంగు వేసేవాడు. పెరట్లో రెండు పెద్ద ఇనుప బానలు, వాటి కింద పొయ్యి, గోడ పొడుగునా కట్టిన వెదుర్ల మీద ఆరేసిన నూలు చిలపలు. పని అయ్యాక బానల్లో మిగిలిన రంగునీళ్ళు వీధి పక్కనున్న కాలువలోకి పోయేవి. అలాంటి ఇళ్ళు మా వీధిలో నాలుగుండేవి. వాన లేని రోజుల్లో ఆ నీళ్ళు కొంత దూరం పారి దారిలోనే ఇంకిపోయి, రంగు మాత్రం కాలువ అడుగున అట్టకట్టి ఉండేది.

పిల్లలమైన మాకు అదొక ఆట. బడి నుంచి వస్తూ ఈరోజు కాలువ ఏ రంగులో ఉంటుందో ముందే చెప్పాలి. రంగుల ఇంటి పిల్లను కదా, ఎప్పుడూ నేనే గెలిచేదాన్ని. పొద్దున నాయన ఏ డబ్బా మూత తీశాడో చూసి బడికి పోతానని ఎవరికీ చెప్పలేదు. ఒక్కోసారి నాయన చివరి బిందె నా చేతికిచ్చి కాలువలో పొయ్యమనేవాడు. ఎర్రటి నీళ్ళు వంకలు తిరుగుతూ కింది వీధి వైపు పరుగెత్తుతుంటే ఆ అందమంతా నావల్లేనని గర్వపడేదాన్ని. మూల తిరిగాక అవి ఏమవుతాయో ఎన్నడూ ఆలోచించలేదు. మూల తిరిగితే కనపడవు, అంతే.

కింది వీధి చివర ఒక అవ్వ ఉండేది. ఒంటరి మనిషి. ఇంటి వెనక నాలుగు మడుల్లో ఆకుకూరలు పెంచి, పొద్దున్నే గంపకెత్తుకుని మా వీధికి తెచ్చేది. అమ్మ చేరెడు బియ్యం పోసి రెండు కట్టలు తీసుకునేది. గంప దించడానికి నేను చెయ్యి వేస్తే, ఆకుల అడుగున దాచిన దోసపిందె ఒకటి తీసి నా లంగా మడతలో వేసేది అవ్వ. పొద్దున ఆమె కేక వినపడితేనే మా ఇంట్లో పొయ్యి మీదికి పప్పు ఎక్కేది.

ఆ ఏడు దీపావళి చీరల కోసం రంగుల పని ఎక్కువైంది. వానలూ అప్పుడే పట్టుకున్నాయి. మూడు రోజులు ముసురు విడవలేదు. ముసురు విడిచాక అవ్వ రాలేదు. పది రోజులు గడిచినా రాలేదు. జ్వరమేమో అంది అమ్మ. పనుల్లో పడి ఎవరమూ పోయి చూడలేదు. అంతలో నాయనకు నోరు పూసింది. కారం తగిలితే విలవిల్లాడుతున్నాడు. మా వైపు మణతక్కాళి అని ఒక ఆకుంటుంది, పప్పులో వేసుకు తింటే నోటి పుండ్లు మానుతాయి. అది అవ్వ దగ్గరే దొరుకుతుంది. పోయి తెమ్మని అమ్మ నన్ను పంపింది.

కాలువ గట్టు మీదే నడుచుకుంటూ పోయాను. అడుగున అట్టకట్టిన రంగునంతా వాన కడిగేసింది. మా గుమ్మాల దగ్గర కొత్త చారలు తప్పితే, కాలువ అంత శుభ్రంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. మూల తిరిగాను. కింది వీధి పొడుగునా నడిచాను. చివరికొచ్చేసరికి కాలువకు గట్లు లేవు. అక్కడ నేల పల్లం. వచ్చిన నీళ్ళన్నీ అవ్వ దొడ్లోకే పోతాయి. మడుల్లో తోటకూర నల్లబడి, వాలిపోయి ఉంది. మట్టి మీద రంగు చారలు. దొడ్డి నడుమ బావి, బావి గట్టు మీద అవ్వ.

"రా పాపా. ఆకు కోసరం వచ్చినావా? యాడుండాది ఆకు, సూడు," అంది.

నా ముఖం వాడిపోయింది. అవ్వ బావిలోకి చేద వేసి నీళ్ళు తోడింది. లోపలికి పోయి తెల్లటి పింగాణీ గిన్నె తెచ్చి, ఆ నీళ్ళు దాన్నిండా పోసి నా ముందు పెట్టింది.

"ఇదేం రంగో చెప్పు పాపా. నువ్వు బాగా చెప్తావంటనే, పిల్లోళ్ళంతా అంటా ఉంటారు."

నాకు సంబరమేసింది. గిన్నె మీదికి వంగి చూశాను. పైకి తేటగానే ఉన్నా అడుగు తెలుపు మీద పలచగా రంగు తెలుస్తోంది.

"ఊదా రంగవ్వా! పండగని మా నాయన ఎరుపూ నీలమూ ఎక్కువ వేసినాడు గదా. రెండూ కలిసినాయంటే..."

మడుల్లోని రంగు చారల మీద నా చూపు పడింది.

"బాగా చెప్పినావు," అంది అవ్వ. గొంతులో కోపం లేదు. గిన్నెలో నీళ్ళు గట్టున పారబోసి, ఇంట్లోంచి లోటాతో వేరే నీళ్ళు తెచ్చి ఇచ్చింది. రోడ్డు పక్క బోరింగు దగ్గర కొట్టుకుని, మైలు దూరం మోసుకొచ్చిన నీళ్ళవి. "ఇంత దూరం నడిచొచ్చినావు, దాహమేస్తా ఉంటాది. తాగు." తాగుతూ లోపలికి చూశాను. రెండు బిందెల్లో ఒకటి బోర్లించి ఉంది.

నాయనకు నోరు పూసిందని చెప్పగానే అవ్వ లేచింది. నీళ్ళు ఎక్కని మెరక మీద, కంచె పక్కన, మణతక్కాళి మొక్కలు రెండు బతికి ఉన్నాయి. వాటి ఆకంతా దూసి నా ఒళ్ళో పోసింది. "పప్పులో వెయ్యమని చెప్పు మీయమ్మకు. రెండు పూట్లకే తగ్గిపోతాది," అంది.

ఇంటికొచ్చి అంతా చెప్పాను. నాయనకు కోపం వచ్చింది. "పారబొయ్యకుండా నెత్తిన పెట్టుకోమంటావా ఏంది ఆ నీళ్ళు?" అన్నాడు. "నువ్వే పోయి సూడు నాయనా," అన్నాను ఏడుస్తూ. ఆ రోజు ఆకుపప్పు ఆయన తలొంచుకుని తిన్నాడు, కంచంలోంచి కన్నెత్తలేదు. మర్నాడు పొద్దున ఒక్కడే కింది వీధికి పోయాడు. అవ్వ ఆయనతో ఏమందో నాకు తెలియదు. తిరిగొచ్చి పొయ్యిలో కట్టెలు బయటికి లాగేశాడు. పండగ పని సగంలో ఉంది, నేసేవాళ్ళు నూలు కోసం వచ్చి అరుగు మీద కూర్చున్నారు. అయినా నాలుగు రోజులు పొయ్యి వెలిగించలేదు.

ఆ నాలుగు రోజుల్లో రంగుల ఇళ్ళవాళ్ళందరూ మా అరుగు మీద చేరారు. "కాలవ ఉండేదే నీళ్ళు పొయ్యడానికి గదప్పా," అన్నాడు ఒక పెద్దాయన. "వాన నీళ్ళకప్పా. మన నీళ్ళకు కాదు," అన్నాడు నాయన. చాలాసేపు మాటలు పెరిగాయి. అలిగి లేచిపోయినవాళ్ళూ ఉన్నారు. చివరికి మా వీధిలో ఉన్న ఖాళీ జాగాలో వెడల్పాటి తొట్టి తవ్వి, సున్నంతో గచ్చు చేశారు. రంగునీళ్ళు అందులో పోసి ఎండకు ఆరనివ్వాలి, అడుగున మిగిలిన మడ్డి ఎత్తి వేరే గుంతలో పూడ్చాలి, మబ్బు పడితే రేకులు కప్పాలి. వానలకు ముందు కాలువ ఊడ్చే పని పిల్లలది. మా అమ్మ అంట్లు తోమిన నీళ్ళు కూడా అరటి పాదుకు మళ్ళించింది. అవ్వకు రోజుకో ఇంటి నుంచి మంచినీళ్ళు పోయేవి. మా వంతు రోజు చిన్న బిందె నాది. అవ్వ గడపలో దించేసరికి సగం నా లంగాకే అయ్యేవి.

బావి మాత్రం ఆ ఏడు తేరుకోలేదు. మరుసటేడూ తేరుకోలేదు. మడులు ఎండిపోయాక అవ్వ ఒంటరిగా ఉండలేక సత్యవేడు దగ్గర కూతురింటికి వెళ్ళిపోయింది. ఆమె బస్సెక్కిన పూట నేను బడిలో ఉన్నాను. మూడో ఏట వానలకు బావి నిండి, అడుగున రాళ్ళు కనపడేంత తేటపడింది. ఆ మాట అవ్వకు చెప్పి రమ్మని నాయన మనిషిని పంపాడు. పోయినవాడు అవ్వ చనిపోయిందన్న కబురుతో తిరిగొచ్చాడు. ఆ రోజు నాయన అన్నం తినలేదు.

ఇన్నేళ్ళలో అవ్వ మీద బెంగ తగ్గలేదు, పెరిగింది. ఆ గిన్నె నా ముందు ఎందుకు పెట్టిందా అని ఇప్పటికీ అనుకుంటాను. నాకు తెలియాలని పెట్టిందో, ముఖం వాడిపోయి నిలబడ్డ పిల్లను కాసేపు ఆడించాలని పెట్టిందో. అడగడానికి మనిషి లేదు.

ఇప్పుడు నేను తిరుపతిలో, అలిపిరి వైపు ఒక వీధిలో ఉంటున్నాను. వాన పడితే కొండ నీళ్ళు మా గుమ్మాల ముందు నుంచే పోతాయి. వానాకాలం ముందు మా వీధివాళ్ళందరం కాలువలో ప్లాస్టిక్ కవర్లు ఏరి, పూడిక తీస్తాం. బండ్లు కడిగిన నూనె నీళ్ళూ, గోడలకు వేయగా మిగిలిన పెయింటూ అందులో పొయ్యకూడదని కట్టుబాటు చేసుకున్నాం. ఇది ఈ కాలపు పిల్లలు కనిపెట్టిన పని అని మా పక్కింటమ్మాయి అనుకుంటుంది. నేను కాదనను.

పెళ్ళయి చిత్తూరులో కాపురం పెట్టినప్పుడూ, తర్వాత ఇక్కడికి వచ్చినప్పుడూ, సామాను దించిన మర్నాడు నేను చేసిన మొదటి పని ఒకటే. ఇంటి ముందు కాలువ వెంబడి కిందికి నడిచి, చిట్టచివరి ఇంటి తలుపు తట్టాను. ఇక్కడ ఆ ఇల్లు ఒక పాలావిడది. ఏం కావాలమ్మా అని అడిగింది. ఏమీ అక్కర్లేదు, పై వీధిలో దిగాను, చూసి పోదామని వచ్చానన్నాను. ఆమె వింతగా చూసి, ఎనుముల పక్కనే పీట వేసింది. కాసేపు కూర్చుని, పేరడిగి, పిల్లల సంగతులు విని వచ్చాను. కింది ఇంటి మనిషి ముఖం చూసి వచ్చేదాకా, నా ఇంట్లో నీళ్ళు పారబోయడానికి నాకు చెయ్యి రాదు.