ఉల్టా వచ్చే లెక్క

మా స్టడీ హాల్లో అరవై కుర్చీలుంటే, యాభై తొమ్మిదింటిలో గ్రూప్స్ ఉద్యోగాలకు చదివేవాళ్ళు కూర్చునేవారు. మిగిలిన ఒక్కటి సంయుక్తది. నారాయణగూడలో డిగ్రీ చదివే పిల్ల, ఫిజిక్సు. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక అశోక్ నగర్‌లో మా ఇంటి పై అంతస్తును ఇలా హాలుగా మార్చాను. ఇక్కడ రూలు ఒకటే, చప్పుడు చేయకూడదు. సంయుక్త నోరు మెదిపేది కాదు, నిజమే. చేతులు మాత్రం ఊరుకునేవి కావు. బొటనవేలు నిలబెట్టి, మిగతా వేళ్ళు ముడిచి, గాల్లో ఏదో తిప్పుతూ ఉండేది.

నాకు ఒళ్ళు మండి కిందికి పిలిచాను.

"ఏమ్మా, ఎవరికి సైగ చేస్తున్నావు?"

కాగితం మీద తీగ బొమ్మ గీసింది. పెన్ను జడలో దోపుకుని కుడి చెయ్యి చాపింది.

"కరెంటు బొటనవేలు దిక్కుకు పోతుందనుకోండి అంకుల్. ఈ వేళ్ళు ఎటు ముడుచుకుంటయో, తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం అటు తిరుగుతది. ఇట్ల చూస్కుంటేనే నాకు అర్థమైతది."

నాకేం అర్థమైందో దేవుడికే ఎరుక. పాపం చదువుకే కదా అని పంపించేశాను.

ఆ అయస్కాంతాల పేపరు అప్పటికే రెండుసార్లు తప్పింది. మిగతావన్నీ మంచి మార్కులతో పాసై, ఎమ్మెస్సీ సీటు కూడా తెచ్చుకుంది. ఈ సప్లిమెంటరీలో గట్టెక్కకపోతే ఆ సీటు పోతుంది.

"చదివితే మంచిగనే అర్థమైతది అంకుల్. లెక్క చేస్తే జవాబు ఉల్టా వస్తది. కలపాల్సిన దగ్గర తీసేస్తున్న. అంటే నాకు మొదలే తెలుస్తలేదన్నట్టు" అని పుస్తకం మళ్ళీ మొదటి పేజీ నుంచి అందుకుంది. అది నాలుగోసారి. అట్టలు ఊడిపోయాయి. వాడిపోయిన ఆ మొహం చూస్తే నాకే దిగులేసేది.

పరీక్ష వారం ఉందనగా అవినాష్ ఫిర్యాదు పట్టుకొచ్చాడు. పక్క కుర్చీ కుర్రాడు, నాలుగేళ్ళుగా గ్రూప్ టూకు చదువుతున్నాడు. బొత్తిగా మెతక మనిషి. అలాంటివాడు వచ్చాడంటే విషయం ముదిరిందన్నమాట. ఇద్దరినీ మెట్ల దగ్గరికి పిలిచాను.

"ఈ చెల్లె మీద నాకు కోపం లేదంకుల్. జర కుర్చీ మార్చుండ్రి. ఆమెకు ఎడమ పక్కన కూసుంట గదా, ఆ చెయ్యొచ్చి నా కళ్ళద్దాలకు తాకుతున్నది. ఇయ్యాల కింద పడ్డయి."

"ఏ చెయ్యి అన్నా?" అంది సంయుక్త.

"ఎడమదే. కుడి చేతుల పెన్ను ఉంటది గదా."

సంయుక్త తన కుడి చేతికేసి చూసుకుంది. పెన్ను అందులోనే ఉంది. ఎడమ బొటనవేలు నిలబెట్టి వేళ్ళు ముడిచింది. పెన్ను నా చేతికిచ్చి, కుడి చేత్తోనూ అలాగే చేసింది. రెండు చేతుల వేళ్ళూ ఎదురెదురు దిక్కులకు తిరిగాయి.

"ఈ రూలు కుడి చేతిది అంకుల్" అంది మెల్లగా. "ఊకె చదివేటప్పుడు కుడి చేత్తోనే చూస్త. రాసేటప్పుడు అందుల పెన్ను ఉంటది. ఏడాదిన్నర సంది ఎడమ చేత్తోని చేస్తున్న."

మెట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. అవినాష్ కూడా అద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. నాకైతే కోపమొచ్చింది. ఇంత చక్కటి బుర్ర పెట్టుకుని, తనకేమీ రాదని ఏడాదిన్నర కుమిలిపోయిందా ఈ పిల్ల?

మర్నాడే ఆమెను కుడివైపు గోడ ఉన్న కుర్చీలోకి మార్చాను. ఇక లెక్క లెక్కకూ పెన్ను బల్ల మీద పెట్టిన చప్పుడు, ఆ వెంటనే గోడకు వేళ్ళు తగిలిన చప్పుడు. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. నేనూ వినబడనట్టే ఊరుకున్నాను.

ఫలితాలొచ్చిన రోజు చిక్కడపల్లి నుంచి మైసూర్‌పాక్ తెచ్చి అరవై కుర్చీలకూ పంచింది. "డెబ్బై ఒకటి అంకుల్" అని గుసగుసగా చెబితే, "డెబ్బై ఒకటా?" అని నేనే హాలంతా వినబడేలా అరిచాను. మా రూలు మొదటిసారి తప్పింది నేనే.

కుర్చీ ఖాళీ చేస్తున్నట్టు రిజిస్టర్‌లో సంతకం పెడుతుంటే అవినాష్ వచ్చి చెయ్యి చాపాడు. సంయుక్త పెన్ను బల్ల మీద పెట్టి, కుడి చెయ్యి ఇచ్చింది.