మీసాల సబ్బు కేసు

మా మామయ్యకు కోపం రావడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. వాన పడితే వస్తుంది, పడకపోతే వస్తుంది. ఆయన చేసే బట్టల సబ్బును ఎవరైనా పొరపాటున ఒక మాట అన్నారా, ఇక ఆ మనిషి మొహం జన్మలో చూడడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో నూనె, కాస్టిక్ సోడా కలిపి కాచి, చెక్క అచ్చుల్లో పోసి, గట్టిపడ్డాక తీగతో బిళ్లలు కోసేవాడు. అత్తయ్య వాటిని పసుపు కాగితాల్లో చుట్టేది. కాగితం మీద ఎవరి బొమ్మ అనుకున్నారు? ఆయనదే, కోరమీసాలతో సహా. బొమ్మకీ తనకీ ఎక్కడ తేడా వస్తుందోనని, అద్దం పక్కన ఒక కాగితం అంటించుకుని మరీ మీసం కత్తిరించుకునేవాడు. వీధిలో అందరూ మీసాల సబ్బాయన అనేవారు. అది బిరుదని ఆయన నమ్మకం.

షెడ్డులో పని అయ్యాక పెరట్లో కుళాయి దగ్గర చేతులు కడుక్కోవడం ఆయనకొక వేడుక. ఇంటికి ఎవరొచ్చినా అక్కడికి లాక్కెళ్లి, మోచేతుల దాకా నురగ పట్టించి చూపించేవాడు. మేనకోడలిని కదా, నేను ఆ నురగను ఎన్నిసార్లు మెచ్చుకున్నానో నాకే తెలియదు.

అలాంటి మామయ్య మీద ఒక పెద్ద కంపెనీ దావా వేసింది. వాళ్ల సబ్బు కాగితం కూడా పసుపే, దాని మీద మీసాల సిపాయి ఉంటాడు. జనం ఈ మీసం చూసి మా సబ్బే అనుకుని కొనేస్తున్నారు, కాబట్టి ఆ బొమ్మ ఆపించండి అని వాళ్ల వాదన. రాజీకి ఒక దారి కూడా చూపించారు. బొమ్మలో మీసం తీసేస్తే కేసు వెనక్కి తీసుకుంటారట. మామయ్య ఒంటికాలి మీద లేచాడు.

“నా మీసం తీసెయ్యమనడానికి వాళ్లెవరు? వాళ్లనడిగి మొలిపించుకున్నానా?”

అడగలేదు, నిజమే. కానీ కేసు ఓడితే కాగితం మీద ఆయన మొహం పోతుంది. కొట్లలో జనం అడిగేది ఆ మొహాన్ని చూపించే. అది పోతే షెడ్డుకి తాళం వేసుకోవాల్సిందే. పైకి ఎంత ఎగిరిపడుతున్నా లోపల ఆయన హడలిపోతున్నాడు. అన్నం మధ్యలో లేచి వెళ్లి పొయ్యి చూసొచ్చేవాడు. ఆ పొయ్యి వెలిగించి ఉండేది కూడా కాదు.

మా లాయరు ధైర్యం చెప్పాడు. కోర్టు రెండు బొమ్మలనీ పక్కపక్కన పెట్టి వెంట్రుకలు లెక్కపెట్టదట. హడావిడిలో ఉండి, సబ్బు ఎలా ఉంటుందో సగం సగం గుర్తున్న మామూలు మనిషి ఒకటి అనుకుని ఇంకోటి కొంటాడా లేదా అన్నదే చూస్తుందట. కొట్టువాళ్లతో పాటు అత్తయ్యతో కూడా సాక్ష్యం చెప్పిద్దామన్నాడు. అత్తయ్య నన్నొదిలేయండి బాబూ అని బతిమాలింది. మేమంతా సిగ్గనుకున్నాం.

కోర్టు గదిలో పంకా కిర్రుమంటోంది. అత్తయ్య నిజమే చెబుతానని ప్రమాణం చేసింది. కంపెనీ లాయరు మెత్తటి మనిషి. రెండు సబ్బులూ ఆమె ముందు బల్ల మీద పెట్టాడు.

“మీ ఇంట్లో బట్టలుతికే సబ్బు ఏదో చూపించండమ్మా.”

అత్తయ్య ఒకసారి మామయ్య వైపు చూసింది. తర్వాత సిపాయి మీద వేలు పెట్టింది.

మీసం మెలేస్తున్న మామయ్య చెయ్యి అక్కడే ఆగిపోయింది. చూశారా, కట్టుకున్న భార్యే పొరబడితే ఇక జనం సంగతి ఏమిటని కంపెనీ లాయరు జడ్జిగారి వైపు తిరిగాడు.

అత్తయ్య అక్కడితో ఊరుకుంటే కేసు పోయేది, ఆమె గుట్టు మాత్రం దక్కేది. ఆమె ఊరుకోలేదు.

“నేను పొరబడలేదండీ. ఏది ఎవరిదో నాకు బాగా తెలుసు. నేను ఉతికేది కంపెనీ సబ్బుతోనే. ఆయన సబ్బుకి చేతులు మండిపోతాయి.”

మరి మీ ఆయనకు తెలియదా అని జడ్జిగారు అడిగారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. కంపెనీ సబ్బు తెచ్చి, పైన అచ్చయిన పేరును చాకుతో గీకేసి, మామయ్య కాగితంలో చుట్టి కుళాయి దగ్గర పెడుతుందట. పెళ్లయిన కొత్తలోనే మొదలైందట. ఇన్నేళ్లూ మామయ్య ఊరందరికీ చూపించి మురిసిపోయింది ఆ కంపెనీ నురగే.

కంపెనీ లాయరు ఉలిక్కిపడి లేచాడు. మా సరుకును వీళ్ల కాగితంలో పెట్టడం కూడా నేరమేనన్నాడు. జడ్జిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“బయట అమ్మలేదు కదండీ. ఇందులో మోసపోయింది ఈవిడ భర్త ఒక్కరే. ఆయన మీద ఆల్రెడీ మీరే కేసు వేశారు.”

గదంతా నవ్వింది. అందరికంటే ముందు నవ్వింది నేనే.

తీర్పు మాకే అనుకూలంగా వచ్చింది. మీసం ఎవరి సొంత ఆస్తీ కాదని, పేరూ బొమ్మా మొత్తంగా చూస్తే మామూలు మనిషి ఒకదాన్ని ఇంకోటి అనుకోడని అన్నారు. పసుపు రంగు ఒక్కటి మార్చుకోమన్నారు. మామయ్య మొహం నిలబడింది. కానీ ఆయన ఓడిపోయినవాడిలా ఇంటికొచ్చి పెరటి మెట్టు మీద కూలబడ్డాడు. అరుస్తాడనుకున్నాం.

అత్తయ్యను పిలిచి చేతులు చూపించమన్నాడు. సబ్బులు చుట్టీ చుట్టీ వేళ్ల కొనలు ఎర్రగా పగిలి ఉన్నాయి. ఆయన తన చెయ్యి పక్కన పెట్టి చూసుకున్నాడు.

“నాకెప్పుడూ మండలేదే.”

“మీకు చర్మం మిగిలితే కదా మండడానికి.”

“ఒక్క మాట చెప్పొచ్చుగా నాకు.”

“చెబితే నా మొహం చూసేవారా?”

మామయ్య కళ్లలో నీళ్లు తిరగడం నేను అదే మొదటిసారి చూడటం. నవ్వినందుకు నాకు సిగ్గేసింది.

మర్నాడు కాస్టిక్ తగ్గించి కొత్తగా కాచాడు. వారానికి అది గట్టిపడ్డాక కాగితం చుట్టకుండానే ఒక బిళ్ల తెచ్చి అత్తయ్య చేతిలో పెట్టి, కుళాయి దగ్గర నిలబడ్డాడు. జడ్జిగారి ముందు కూడా ఆయన అంత బుద్ధిగా నిలబడలేదు. అత్తయ్య నిదానంగా చేతులు రుద్దుకుంది, కడుక్కుంది, కొంగుతో తుడుచుకుంది.

“ఇంకా కొంచెం మండుతోంది.”

మామయ్య నోరు తెరిచాడు. మళ్లీ మూసేసి, సబ్బు తీసుకుని షెడ్డులోకి వెళ్లాడు. కొత్త నీలం కాగితాలు మీసాలతో సహా అచ్చయి వచ్చి, ఒక మూల పడి ఉన్నాయి. అత్తయ్య సరేననేదాకా వాటిలో ఒక్క బిళ్ల కూడా చుట్టనివ్వనన్నాడు.