కోడలు నన్ను నెట్టిన రోజు

రోజూ డైరీ రాసేవాడికి తాను చేసే ప్రతి పనీ చరిత్రలాగే కనిపిస్తుంది. రిటైరయ్యాక నాకు చరిత్ర సృష్టించడానికి మిగిలింది ఇబ్రహీంపట్నంలో మా కాలనీ సంఘం అధ్యక్ష పదవి ఒక్కటే. గుండె ఆగినవాళ్ల ఛాతీ నొక్కి బతికించడం ఎలాగో సంఘం తరఫున నేర్పించినప్పుడు, బొమ్మ మీద మొదట నొక్కింది నేనే. చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

కొన్నాళ్లకు ఒక ఉదయం పార్కులో నడుస్తూ, పక్కనున్న మంచాల ఊరి వైపు ఎకరం ధర మీద నాతో వాదిస్తున్న మిత్రుడు మాట మధ్యలో కుప్పకూలాడు. పిలిస్తే పలకలేదు. ఊపిరి లేదు. మోకాళ్ల మీద కూర్చుని ఛాతీ నొక్కడం మొదలుపెట్టాను. అంతవరకు బాగానే ఉంది. కానీ ఉత్తర్వులు ఇవ్వకుండా ఉండగలనా?

"ఎవరన్నా అంబులెన్సుకు ఫోన్ చెయ్యిండ్రి! ఎవరన్నా నీళ్లు తెండ్రి!"

ఫోన్ ఎవరూ చేయలేదు. నీళ్లు మాత్రం మూడు సీసాలు వచ్చాయి.

అప్పుడే, డ్యూటీకి బయల్దేరిన మా కోడలు గుంపును చూసి పరుగెత్తుకొచ్చింది. నగరంలో ఒక దవాఖానలో నర్సు.

"నీళ్లు పొయ్యకుండ్రి, ఊపిరి గొట్టంలకు పోతయి! ఎర్రంగీ అన్నా, నువ్వు ఫోన్ చెయ్యి. అక్కా, నువ్వు గేటు కాడ నిలబడి బండిని లోపలికి తీస్కరా."

తర్వాత నా వైపు తిరిగి మెల్లగా, "మామా, అలిసిన్రు. జరుగుండ్రి, నేను చేస్త" అంది.

"నాకేం అలుపు లేదు" అన్నాను. నిజానికి అతని ఛాతీ దిగడం లేదు, నా తలే కిందికీ పైకీ ఊగుతోంది. చుట్టూ ఉన్నవాళ్లకు అది కనిపిస్తూనే ఉంది. అయినా అధ్యక్షుణ్ణి లెమ్మనేదెవరు?

"పెద్దాయన చేస్తున్నడు గద" అంటూ ఒకాయన భక్తిగా చేతులు కట్టుకున్నాడు.

"మామా! చెయ్యి తియ్! మనిషి పోతడు!"

మా ఇంట్లో ఎన్నడూ వినని ఏకవచనం. అది నాకు ఎక్కేలోపే ఆమె భుజంతో ఒక్క నెట్టు నెట్టింది. గడ్డిలో వెల్లకిలా పడ్డాను. ఆమె నొక్కింది. తనకు అలసట రాగానే ఎర్రంగీ అతన్ని కూర్చోబెట్టి, చేతులు ఎక్కడ పెట్టాలో చూపించి, తాను పక్కకు జరిగింది. అంత సులువుగా పక్కకు జరగవచ్చని నాకప్పుడే తెలిసింది. అంబులెన్సు వచ్చి షాకిచ్చాక గుండె మళ్లీ కొట్టుకుంది.

వారం తర్వాత కోడలూ నేనూ అతన్ని చూడబోయాం.

"పక్కటెముకలు మస్తు నొస్తున్నయిరా. ఎవరు నొక్కిన్రు?" అన్నాడు మిత్రుడు.

"ముందుగాల నేనే" అన్నాను, కాస్త ఛాతీ విరిచి.

అతను నా చేతులను ఎగాదిగా చూశాడు. "నువ్వా? నువ్వు నొక్కితె చక్కిలిగిలైతది గని, నొప్పెందుకైతది?"

కోడలు కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకొంటోంది.

"అవ్," అన్నాను. "నొప్పి మా కోడలు పెట్టిందే."