వస్తన్నా

మా ఆవిడ పోయిన పదకొండో రోజున, సింగపూరులోని యూ టీ పేటలో మా బ్లాకు వెనకాల గడ్డిలో పిండం పెట్టి గంటసేపు నిలబడ్డాం. కాకి రాలేదు. ఆమె మనసులో ఏదో ఉండిపోయింది, ఏమిటో గుర్తు తెచ్చుకుని మొక్కుకోండి అన్నాడు పురోహితుడు. ఇక్కడ కాకులు ఎక్కువైతే తుపాకులతో కాల్పిస్తారు, రాకపోవడానికి ఆ కారణం చాలు అన్నాను నేను. వచ్చిన నలుగురూ నొచ్చుకున్నారు.

ఆత్మల విషయంలో నా నమ్మకం అంతవరకే. ఇప్పటికీ పెద్దగా మారలేదు. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకం భయపడిన రోజుల్లో నేను సింగపూరు వచ్చాను. భయం తీరిపోయినా పని తీరలేదు. ఓ బ్యాంకులో పాత ప్రోగ్రాములు తీసి కొత్తవి పెట్టే పనిలో ఉండగా శారద ఆస్పత్రిలో పోయింది. ఆ ఉదయం నేను ఆఫీసులో ఉన్నాను. ఆఖరున ఏమైనా అందా అని నర్సును అడిగాను. ఏమీ అనలేదంది.

ఆ తర్వాత ఆదివారాలు గడవడం కష్టమైంది. ఇంట్లో పుస్తకాలున్నాయి. ఒక్క పేజీ కూడా ముందుకు సాగేది కాదు. మా బ్లాకు కింద నోటీసు బోర్డులో ఫైర్ స్టేషన్‌కు వాలంటీర్లు కావాలన్న కాగితం కనిపించింది. శాశ్వత నివాస అనుమతి ఉంటే చాలు, అనుభవం అక్కర్లేదు అని ఉంది. వెళ్లి చేరాను.

మొదటి ఏడాది ఎలా ఉంటుందని కొత్తవాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు. మంటలు తక్కువ. హోస్ పైపులు కడిగి ఆరబెట్టడం ఎక్కువ. పై అంతస్తుల నుంచి చెత్త జారవిడిచే గొట్టంలో ఎవరో వేసిన సిగరెట్టు, పొయ్యి మీద మరిచిపోయిన గిన్నె, ఆగిపోయిన లిఫ్టు. దెబ్బలు మాత్రం మొదటి రోజు నుంచే ఉంటాయి. ఓ ఇనుప కంటైనరులో కట్టెలు తగలబెట్టి మమ్మల్ని లోపలికి తోసేవారు. తల కాస్త పైకెత్తితే సార్జెంట్ హాషిమ్ హెల్మెట్ మీద పిడికిలితో గుద్దేవాడు. ఆయన మలయ్ జాతి మనిషి, యాభైకి దగ్గర. పైన గాలి నిన్ను చంపుతుంది, కింద నేను చంపుతాను, ఏది కావాలో నువ్వే చూసుకో అనేవాడు.

మూడో నెలలో ఓ ఫ్లాటు ఇనుప గేటు కోసి లోపలికి వెళ్లాం. పొయ్యి మీద గిన్నె మాడిపోతోంది. తాగి పడుకున్న యజమాని లేచి, దొంగలనుకుని కుర్చీ ఎత్తి నా ముఖం మీద కొట్టాడు. రెండు పళ్లు కదిలాయి. ఐదో నెలలో, కూలీలను వెనక కూర్చోబెట్టుకుని పోతున్న లారీ హైవే మీద బోల్తా పడింది. అందులో ఒకతని చెయ్యి పట్టుకుని, ఏం కాదు, ఏం కాదు అంటూ కూర్చున్నాను. అతన్ని స్ట్రెచర్ మీద తీసుకుపోయాక కూడా ఆ చెయ్యి నా దగ్గరే ఉంది. మర్నాడు తొమ్మిదింటికి ఆఫీసుకు వెళ్లి, అందరితోపాటు మీటింగులో కూర్చున్నాను.

స్టేషన్‌లో ఖాళీ దొరికితే పుస్తకం తెరిచేవాణ్ణి. అందుకని హాషిమ్ నన్ను ప్రొఫెసర్ అనేవాడు.

"ప్రొఫెసర్, ఇంత చదువుతావ్. మంటను చదవగలవా? ఫైర్ కెన్ రీడ్ ఆర్ నాట్?"

నాతోపాటు చేరిన వెయ్ అనే చైనీస్ కుర్రవాడు, నా భాష తమిళమేగా అనేవాడు. తెలుగు అంటే, "సేమ్ సేమ్ లా" అని నవ్వేవాడు.

మూసిన తలుపు దగ్గర చేయాల్సిన పనులు మూడు నేర్పారు. చేతి వెనక భాగంతో తలుపును తాకి చూడాలి. గట్టిగా అరవాలి. తర్వాత నోరు మూసుకుని వినాలి. లోపల తెలుగువాళ్లుంటే అరవాల్సింది నేనే. ఆ స్టేషన్‌లో ఆ భాష వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

పదో నెలలో, ఓ ఆదివారం సాయంత్రం నాలుగింటికి వుడ్‌ల్యాండ్స్ నుంచి కబురు వచ్చింది. అది ఫర్నిచర్ చేసే షెడ్డు. కింద చెక్కపొట్టు, వార్నిష్ డబ్బాలు, థిన్నర్ డ్రమ్ములు. పైన చెక్క ఫలకలతో అటక లాంటి అంతస్తు వేసి, అందులో తొమ్మిది మంది పనివాళ్లకు మంచాలు వేశారు. దానికి ఒకటే తలుపు, బయట గోడకు ఆనించి ఒకటే ఇనుప మెట్లదారి. మేం వెళ్లేసరికి కింది భాగం పూర్తిగా అంటుకుంది.

పక్క షెడ్డు కాపలా పెద్దాయన తమిళుడు. మా బండికి అడ్డంగా పరుగెత్తుకొచ్చాడు. ఎనిమిది మంది లిటిల్ ఇండియా బజారుకు వెళ్లారు, జ్వరమని ఒకడు ఉండిపోయాడు, పైనే ఉన్నాడు అన్నాడు. ఏ దేశంవాడని హాషిమ్ అడిగాడు. పెద్దాయన నా కోటు మీది పేరు చదివి, "మీ తెలుగోడే తంబీ" అన్నాడు.

హాషిమ్, వెయ్, నేను మెట్లెక్కాం. మిగతావాళ్లు కింద నీళ్లు కొడుతున్నారు. డబ్బాలు ఒక్కొక్కటే పేలుతున్నాయి. పేలినప్పుడల్లా మెట్లు అదిరి మోకాళ్ల దాకా తెలుస్తోంది. పైన తలుపు ఇనుప రేకుది. దానికి, తలుపు లాగితే దానంతటదే పడే గుండ్రటి పిడి తాళం. గ్లవ్ మీదుగా కూడా చెయ్యి పెట్టలేనంత వేడి. తలుపు పగలగొట్టడానికి హాషిమ్ ఇనుప దిమ్మెను వెనక్కి ఊపాడు.

నేను అరిచాను. "లోపల ఎవరు? ఎవరున్నారు?"

"వస్తన్నా."

తలుపుకు అవతలే, గుండ్రటి తాళం ఎత్తులో వినిపించింది. దగ్గు లేదు, భయం లేదు. ఇంట్లో పక్క గదిలోంచి పిలిస్తే పలికినట్టు పలికాడు. నాకు మాస్కుంది, తలకు చెవులు కప్పే ముసుగుంది, కింద డ్రమ్ములు పేలుతున్నాయి. అది అంత స్పష్టంగా ఎలా వినబడిందన్న అనుమానం నాకు ఆ రోజు రాలేదు.

నేను ఒంగోలు వైపు వాణ్ణి. మా దగ్గర వస్తున్నాను అనడానికి వస్తన్నా అంటాం. తలుపు వెనకే ఉన్నాడు, తెరుచుకుని వస్తున్నాడు. దిమ్మెతో కొడితే తలుపు అతని ముఖం మీద పడుతుంది.

హాషిమ్ చెయ్యి పట్టుకుని ఆపాను. "హి ఈజ్ కమింగ్. తలుపు వెనకే ఉన్నాడు. కొట్టొద్దు."

హాషిమ్ ఆగాడు. ముగ్గురం గోడకు వీపులు ఆనించి నిలబడ్డాం. ఆయన మలయ్ భాషలో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పది దాకా చూసి కొడదామని సైగ చేశాడు.

ఎనిమిది దగ్గర తలుపు రేకు లోపలికి గుంట పడింది. మరుక్షణం చట్రంతో సహా గోడలోంచి ఊడి బయటికి వచ్చింది. అది హాషిమ్ భుజాన్ని కొట్టి, ఆయన్ని మెట్ల కమ్మీ మీదుగా అవతలికి విసిరేసింది. వెయ్ ఆయన నడుం పట్టీ దొరకబుచ్చుకుని పొట్ట మీద పడ్డాడు. మా తలల మీదుగా మంట దూలంలా అడ్డంగా దూసుకెళ్లింది. నా ఎడమ గ్లవ్ కరిగి చర్మానికి అతుక్కుంది. హాషిమ్ గాలిలో వేలాడుతూ వాళ్లమ్మను పిలుస్తున్నాడు. ఇద్దరం ఆయన్ని పైకి లాగుతుంటే ఆయన భుజం ఎముక నా చేతి కింద విరిగి కదిలింది.

అప్పుడు తలుపున్న చోటు నుంచి లోపలికి చూశాను. గది లేదు. నేల లేదు. థిన్నర్ డ్రమ్ములు ఒక్కసారిగా పేలి చెక్క అంతస్తు మొత్తం కిందికి దిగిపోయింది. ఇనుప మంచాలు ఒకదాని మీద ఒకటి పడి, ఆ మంటలో వంగిపోతున్నాయి.

తమ్ముడూ అని అరిచాను. మూడుసార్లు అరిచాను.

అతని పేరు శంకర్ అని, జగిత్యాల దగ్గరి పల్లెటూరి వాడని, ఇరవై ఆరేళ్లని తర్వాత తెలిసింది. అన్న మల్లేశం కూడా అదే షెడ్డులో పని చేసేవాడు. తమ్ముడికి జ్వరం గోళీలు కొనడానికే ఆ రోజు లిటిల్ ఇండియా వెళ్లాడు.

తర్వాతి నెలల్లో నన్ను తొలిచిన విషయం ఒక్కటే. మనిషి చేయి చాచితే అందేంత దూరంలో ఉన్నాడు. తలుపు కొట్టబోతున్నవాణ్ణి నేను ఆపాను. హాషిమ్‌ను చూడడానికి ఆస్పత్రికి వెళ్లి అదే చెప్పాను. ఆయన భుజానికీ పక్కటెముకలకూ కట్లున్నాయి.

"తలుపు తీసుంటే నేను లోపలికి నాలుగు అడుగులు వేసేవాణ్ణి. నా వెనక నువ్వు, నీ వెనక వెయ్. ప్రొఫెసర్, నువ్వు లెక్కలు బాగా చేస్తావు కదా, చెయ్యి" అన్నాడు.

ఆ గొంతు ఆయనా విన్నాడు, వెయ్ కూడా విన్నాడు. అర్థం తెలియకపోయినా ఇద్దరూ అది మనిషి గొంతే అన్నారు. హాషిమ్ రిపోర్టులో ఇంగ్లీషులో ఒక వాక్యం రాశాడు. తాను వస్తున్నానని బాధితుడు లోపలి నుంచి బదులిచ్చాడు అని.

కొన్ని నెలలకు మరణ విచారణ జరిగింది. నన్ను సాక్షిగా పిలిచారు. నాకంటే ముందు శవపరీక్ష చేసిన డాక్టరు చెప్పారు. శంకర్ శ్వాసనాళంలో గాని ఊపిరితిత్తుల్లో గాని మసి చుక్క లేదు. రక్తంలో పొగ విషం లేదు. అంటే మంట మొదలయ్యేసరికే అతనికి ఊపిరి లేదు. నిద్రలోనే గుండె ఆగి ఉంటుంది, ఇలా వయసులో ఉన్న కూలీలు నిద్రలో పోవడం ఇంతకుముందూ చూశాను అన్నారు. శవం దొరికింది తలుపు వైపు కాదు. గదికి ఆ చివర మూలన, తన మంచం చట్రం మధ్యలోనే.

తర్వాత విచారణ అధికారి నన్ను అడిగారు. మాట విన్నది నిజమేనా? నిజమే. ఏ భాషలో? తెలుగులో. ఏమన్నాడు? ఐ యామ్ కమింగ్ అన్నాడు. వేడికి ఇనుము చేసే చప్పుడు అలా వినిపించి ఉండొచ్చా? అలా అనుకోవడానికి ప్రయత్నించానండి, కుదరలేదు అన్నాను. రాసుకున్నారు.

బయటికి వస్తే నడవాలో మల్లేశం నిలబడి ఉన్నాడు. అరువు తెచ్చుకున్న చొక్కా, మెడ దాకా గుండీలు. లోపల అతనికి తమిళ దుబాసీని ఇచ్చారు. సగమే అర్థమైందట.

"అన్నా, డాక్టరు ఏం జెప్పిండు?"

చెప్పాను. నిద్రలోనే పోయాడని, మంట అతనికి తెలియదని చెప్పాను. అతను గోడకు ఆనుకున్నాడు.

"పొద్దుగాల ముసుగుదన్ని పండుకున్నడు. ఎందుకు లేపుడని లేపలే. మెల్లగ తలుపు గుంజి పోయిన. వానికి ఒక్క మాట జెప్పలే, వాడు నాకు జెప్పలే."

జేబురుమాలు తీసి అతనికిచ్చాను.

"నువ్వు సారుకు ఇంగ్లీషుల జెప్పినవ్. మావోడు ఏమన్నడో తెలుగుల జెప్పు."

విన్నది విన్నట్టు చెప్పాను. "వస్తన్నా."

"మల్లొకసారి జెప్పు."

"వస్తన్నా."

"కమింగ్ అని జెప్పినవు గదా సారుకు."

"అదేగా. వస్తున్నా అని."

అతను తల అడ్డంగా ఊపాడు. "వస్తున్న అనేదుంటే మేం వస్తున్న అనే అంటం. గిది గది గాదన్నా. వస్త, అన్నా. పనికి పోయేటప్పుడు, ఊరికి పోయేటప్పుడు అంటం. పోత అనరాదు గదా."

మా ఊళ్లోనూ పోతానని ఎవరూ అనరు. సెలవు తీసుకునేటప్పుడు వస్తాననే అంటారు. ఆ మాట నాకు తెలియనిది కాదు. ఆ తలుపు దగ్గర అది స్ఫురించలేదు, అంతే.

అతను ముఖం తుడుచుకున్నాడు. "జెప్పే పోయిండు. నాకు జెప్పుమని నీకు జెప్పిండు."

మరి అప్పటికే ఊపిరి లేదని డాక్టరు అన్నారు కదా అని నేను గుర్తు చేయలేదు. అతను కూడా అడగలేదు. కృష్ణా నది ఆ ఒడ్డున ఒక అర్థం, ఈ ఒడ్డున ఒక అర్థం ఉన్న ఒక్క మాటను నేను తప్పుగా విన్నాను. ఆ తప్పు వల్ల ముగ్గురం బతికాం. సరిగ్గా విని ఉంటే, పోతున్నానన్న మనిషి కోసం ఆ తలుపు తప్పకుండా పగలగొట్టేవాళ్లం.

ఆ సాయంత్రం యూ టీలో రైలు దిగి ఇంటికి నడుస్తుంటే, నర్సు చెప్పిన మాట గుర్తొచ్చింది. ఏమీ అనలేదంది. ఆమె ఫిలిప్పీన్స్ అమ్మాయి. శారద ఏమైనా అని ఉన్నా ఆమెకు మాటగా వినపడి ఉండదు. ఇన్నాళ్లూ ఆ సంగతి నాకు తోచలేదు.

మల్లేశం నెల తిరక్కుండానే దేశం వెళ్లిపోయాడు. నేను స్టేషన్‌లో ఇంకా తొమ్మిదేళ్లు చేశాను. అలాంటిది మళ్లీ ఎప్పుడూ వినలేదు.

రిపోర్టులో నా అనువాదం అలాగే ఉంది. హాషిమ్ రిటైరయ్యే ముందు, అది తప్పు అనువాదమని, దిద్దాలని ఆయనతో అన్నాను. సంగతంతా విని ఫైలు తెరిచి, పెన్ను నా చేతికిచ్చి, "దిద్దు" అన్నాడు.

దిద్దలేకపోయాను. ఆ మాట సెలవు తీసుకోవడమని రాస్తే, అది అన్నది అప్పటికే పోయినవాడని కూడా రాయాలి. పెన్ను ఆయనకు తిరిగి ఇచ్చేశాను.