చక్రం మీద సాలోమోను గుర్తు

పాత కోటలు చూడటానికి నేను మాట్లాడుకునే సాలోమోను అద్దె కారులో ఏ వస్తువు తిప్పి చూసినా మేకుతో గీసిన చిన్న సిలువ కనిపిస్తుంది. బ్యాటరీ మీద, జాకీ మీద, స్టెప్నీ మీద, చివరికి కాళ్ల కింద పరిచే రబ్బరు పట్టా వెనక కూడా. భక్తి అనుకుని ఒకసారి మెచ్చుకున్నాను.

"భక్తి గుండెల ఉంటది సార్. గిది మెకానిక్‌ల కోసం" అన్నాడు.

ఒకప్పుడు సర్వీసింగుకు ఇచ్చిన బండిలో కొత్త బ్యాటరీ పోయి పాతది వచ్చిందట. అప్పటినుంచి ఎవరినీ నమ్మడు. నాకది వింతగా తోచలేదు. రజకులు నల్లజీడి రసంతో బట్టల అంచులకు గుర్తులు పెట్టేవారు. కాపరులు గొర్రె చెవికి గాటు పెట్టేవారు. నేను తిరిగిన పాత కోటల్లో రాళ్లు చెక్కినవాళ్లు కూడా ఎవరి రాయి మీద వాళ్ల గీత గీసుకుని పోయారు. లోకంలో సగం గుర్తులు అనుమానంలోంచే పుట్టాయేమో.

సాలోమోనుది బడంగ్‌పేట్. రోజూ పొద్దున్నే చైతన్యపురిలో నలుగురు నర్సులను ఎక్కించుకుని మలక్‌పేట దవాఖానలో దించుతాడు. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ నెల బేరంతోనే. ఈ ఎండాకాలం రేడియేటర్‌లో నీళ్లు ఇంకిపోయి ఇంజిన్ పట్టేసింది. సోమవారానికి బండి రాకపోతే వేరే కారు మాట్లాడుకుంటామని నర్సుల్లో పెద్దావిడ సాధన చెప్పేసింది.

ఎల్బీనగర్‌లో షెడ్డున్న వంశీకృష్ణ గుంటూరు వైపు కుర్రాడు. వెనకభాగం నుజ్జయిన ఒక కారులోంచి అదే రకం ఇంజిన్ సంపాదించాడు. అయితే ఆ కారు ఆటోమేటిక్, సాలోమోనుది క్లచ్ తొక్కి గేర్లు వేసే బండి. ఆ మాట వినగానే సాలోమోను తన పాత ఇంజిన్‌ను విప్పించి, క్లచ్‌తో సహా ట్రాలీ ఆటోలో ఇంటికి పంపేసి, మెట్ల కింద టార్పాలిన్ కప్పి పెట్టాడు.

"దాన్ని ఊరేగిస్తవా ఏంది?" అంది భార్య రూబీ.

"షెడ్డుల వెడితే బొక్కలు గూడ మిగలనియ్యరు."

మర్నాడు మేమిద్దరం షెడ్డుకు పోతే వంశీ ఆ పాత ఇంజినే అడిగాడు. "బాబాయ్, ఆటోమేటిక్ ఇంజిన్ వెనక పల్చటి రేకు తప్ప ఏమీ ఉండదు. మన క్లచ్ ఆనుకోవాలంటే బరువైన చక్రం కావాలి. మీ పాత ఇంజిన్‌కి ఉంది కదా, అది విప్పి దీనికి బిగిస్తాను."

సాలోమోను నా వైపు చూశాడు. సరిగ్గా ఇదే జరుగుతుందని ఎదురుచూసినవాడి చూపు. "కొత్తది కొన్నంక పాతదాని మీద కన్నేందిరా నీకు?"

అక్కడినుంచి మలక్‌పేటలో ఇంకో మెకానిక్ దగ్గరికి పోయాం. ఆయనా అదే చెప్పాడు. బయటికి వచ్చి సాలోమోను, "సూసినవా సార్, అందరు ఒక్కటే" అన్నాడు.

రెండు రోజులు అలాగే పోయాయి. ఆదివారం ప్రార్థన అయ్యాక రూబీ సాలోమోను ముందు నిలబడింది. "రేపు పొద్దుగాల నర్సమ్మలను నీ అనుమానం మీద కూసోవెట్టి తీస్కవోతవా?"

టార్పాలిన్ తీసి, ఇంజిన్ కదలకుండా ఆమె చక్రం పళ్ల మధ్య ఇనుప కడ్డీ దూర్చి పట్టుకుంటే, సాలోమోను తానే బోల్టులు విప్పాడు. చక్రం మీద కొత్తగా ఒక సిలువ గీశాడు. దాన్ని, క్లచ్‌ను ఒళ్లో పెట్టుకుని, పక్కన నన్ను కూర్చోబెట్టుకుని ఆటోలో షెడ్డుకు వచ్చాడు.

వంశీ ఒక్కో బోల్టూ బిగిస్తుంటే సాలోమోను మెడ సాచి చూస్తూనే ఉన్నాడు. సరిగ్గా గేర్‌బాక్సు ఎక్కించే ముందు ఫోన్ మోగింది. సాధన. షెడ్డులో సుత్తి మోత. రోడ్డు మీదికి పోయి మాట్లాడి వచ్చేసరికి గేర్‌బాక్సు ఎక్కేసింది. చక్రం దాని వెనక మూసుకుపోయింది.

"నాదే ఉన్నదా అండ్ల?"

"మీ కళ్లముందే బిగించా కదా బాబాయ్!"

"నేను బయటికి పోయిన్నంక మార్చినవేమో. జర తెరువు."

వంశీ చేతులు తుడుచుకున్నాడు. "తెరుస్తాను. మళ్లీ దించి ఎక్కించాలంటే రేపు మధ్యాహ్నమే. పొద్దున్న నర్సమ్మల్ని మీరే నడిపించుకెళ్లండి."

సాలోమోను నన్ను అడిగాడు, "సార్, మీరు సూసిన్రా?"

నేనప్పుడు పక్క షెడ్డులో పాత జీపు చూస్తూ నిలబడి ఉన్నాను. ఆ మాటే చెప్పాను. మెకానిక్‌ల ఖాతాలో నన్ను కూడా కలుపుకుంటున్నట్టు చూశాడు. తర్వాత సీట్లో కూర్చుని, క్లచ్ తొక్కి, గేరు వేసి, మెల్లగా పాదం వదిలాడు. బండి కదిలింది. ఆగలేదు, చప్పుడూ చేయలేదు. అదే మరింత అనుమానంగా ఉందన్నట్టు చెవి రిక్కించాడు.

సోమవారం నర్సులు వేళకే డ్యూటీ ఎక్కారు.

మొన్న దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దగ్గర కనిపించి నన్ను ఎక్కించుకున్నాడు. ఇప్పుడైనా నమ్ముతావా అని అడిగాను.

"క్లచ్ ప్లేటు అరిగినంక గేర్‌బాక్సు దించుతరు గద. గప్పుడు తెల్తది, నా సిలువ ఉన్నదో లేదో."

సిగ్నల్ పడింది. క్లచ్ మీద పాదం ఉంచితే ప్లేటు అరుగుతుందని బండిని న్యూట్రల్ చేసి, కాలు పక్కకు తీసి కూర్చున్నాడు.