వామి మీద చిక్కిన వీరుడు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది, గురజాల దగ్గర మా ఊరికి బాబాయి పటాలం నుంచి ఇంగ్లీషు బొమ్మల పుస్తకం తెచ్చాడు. విమానంలోంచి గొడుగులాంటి గుడ్డతో శత్రువుల మీదికి దూకే సిపాయిని చూపించి, "ఇది నేనే" అనేవాడు. పదేళ్ల పిల్లని, నమ్మేశాను.

ఒకరోజు చొప్పవామి వేస్తూ, పైన తొక్కడానికి బాబాయిని నిలబెట్టారు. కింద నుంచి చొప్ప అందిస్తుంటే వామితో పాటు ఆయనా పైకి లేచాడు. పనయ్యాక కిందికి చూసి బిగుసుకుపోయాడు. నేను పరుగున గొడుగు తెచ్చి, "దూకు బాబాయ్!" అన్నాను.

చివరికి నాయనమ్మే నిచ్చెనెక్కి, కళ్లు మూసుకున్న కొడుకుని చెయ్యి పట్టుకుని దించింది.

"ఒరేయ్, పటాలంలో నువ్వు చేసిందేంది?"

"వంట చేశానమ్మా."

"ఆ మాట ముందే చెప్పొద్దూ? రేపట్నుంచి పొయ్యి నీదే."

ఆయన చేతి గోంగూర మాంసం తిన్నాక నాకర్థమైంది, శత్రువుల్ని లొంగదీయడానికి ఆకాశంలోంచి దూకక్కర్లేదని.